అవినీతి మీద వ్యాసం కాదు.. పిల్లల్తో మన లెక్క రాయించండి

ప్రతి ఏడూ అక్టోబరు ఆఖరి వారం వచ్చిందంటే చాలా బళ్లలో ఓ బేనరు కడతారు. పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి ప్రతిజ్ఞ చేయిస్తారు. ఆనక బోర్డు మీద 'అవినీతి రహిత భారతం' అని రాసీసి, గంటలో వ్యాసం రాయమంటారు. ఇంకో గదిలో బొమ్మల పోటీ. సాయంత్రానికి ముగ్గురికి బహుమతులు, ఓ ఫొటో. మర్నాటికి బేనరు మడతెట్టి బీరువా మీద పడేస్తారు. ఈ తంతు మీలో చాలామంది బళ్లో ఉండగా చూసే ఉంటారు. నేనూ చూశాను, పేపర్లు దిద్దడానికి కూడా కూర్చున్నాను.

మాది టైడా పక్క గూడెం. విశాఖ నుంచి కిరండూల్ పోయే రైలు శివలింగపురం దాటి కొండెక్కాక వచ్చే స్టేషను టైడా. అనంతగిరి మండలం. టూరిస్టులు అడవి చూడ్డానికి దిగుతారు, మేము సంతకీ, ఆఫీసులకీ పోడానికి ఎక్కుతాం. ఈ కొండల్లో పిల్లలకి అవినీతి గురించి చెప్పడం మంచిదే, చెప్పాలి కూడా. గాని ఇప్పుడు చెప్తున్న తీరులో పిల్లకి మిగిలేది ఏటంటే, కాపీ కొట్టి రాసిన నాలుగు నినాదాలు. నేను చెప్పొచ్చేది ఒకటే: అవినీతి అంటే ఏటో చెప్పమని పిల్లని అడక్కండి. నీకు రావలసింది ఎంత, వచ్చింది ఎంత, ఆ సంగతి ఎక్కడ రాసుంది అని అడగండి. రావలసింది ఎంతో తెలీని మనిషికి పోయింది ఎంతో ఎప్పటికీ తెలీదు.

ఈ వారం ఎక్కడ్నుంచి వచ్చింది?

ముందు ఈ పోటీల పుట్టుక చూద్దాం. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో అవినీతిని అరికట్టడం ఎలాగ అని 1962లో కె. సంతానం అధ్యక్షతన ఓ కమిటీ వేశారు. ఆ కమిటీ చెప్పిన దాన్ని బట్టి 1964 ఫిబ్రవరిలో కేంద్ర విజిలెన్స్ కమిషన్ పుట్టింది. 2003లో దానికి సొంత చట్టం వచ్చింది. ఆ కమిషనే ఏటా విజిలెన్స్ అవగాహన వారోత్సవం జరిపిస్తాది. సర్దార్ పటేల్ పుట్టినరోజు అక్టోబరు 31 కదా, ఆ తేదీ ఏ వారంలో పడితే ఆ వారం. ప్రతి ఏటికీ ఓ నినాదం ఇస్తారు. 2025లో ఇచ్చిన మాట, అప్రమత్తత మనందరి ఉమ్మడి బాధ్యత అని.

కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ ఈ వారం జరపాలి. విశాఖలో స్టీల్ ప్లాంటు, పోర్టు, రైల్వే డివిజను, బ్యాంకులు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. తమ ఉద్యోగుల్తో ప్రతిజ్ఞ చేయించడంతో పాటు బళ్లకీ, కాలేజీలకీ పోయి వ్యాసం, వక్తృత్వం, బొమ్మలు, నినాదాల పోటీలు పెడతారు. కొన్నేళ్లుగా బళ్లలో ఇంటెగ్రిటీ క్లబ్బులు పెట్టమనీ, పల్లెల్లో అవగాహన గ్రామసభలు జరపమనీ కూడా కమిషన్ చెప్తోంది. అంటే దారి ఉంది, డబ్బు ఉంది, మనుషులు వస్తున్నారు. కొండ బడి గుమ్మం దాకా వచ్చిన ఈ పోటీ పిల్ల బుర్రలోకి ఎందుకు ఎక్కట్లేదు అన్నదే మన ప్రశ్న.

నలభై పేపర్లు, ఒకటే మొదటి వాక్యం

ఓ బళ్లో నేను దిద్దిన వ్యాసాల్లో సగానికి పైగా ఒకటే వాక్యంతో మొదలయ్యాయి. అవినీతి దేశానికి పట్టిన చీడ అని. ఆ తరవాత 'లంచం అడగడం నేరం, ఇవ్వడం నేరం'. ఆఖర్న 'యువత మేలుకోవాలి'. పిల్లల తప్పేం కాదు. గైడులో అలాగే ఉంది, ఫోనులో వెతికితే అలాగే వస్తాది, పోయినేడు ఫస్టు వచ్చిన పేపరు కూడా అలాగే ఉంది.

వాటి మధ్యలో ఓ ఏడో తరగతి పిల్ల పేపరు వచ్చింది. ఎనిమిది లైన్లే. కుల ధ్రువీకరణ పత్రం కోసం నాన్నతో ఆఫీసుకి మూడుసార్లు ఎల్లాం, మూడోసారి నాన్న డబ్బులిచ్చాడు, అప్పుడు కాయితం వచ్చింది, ఆ వారం మా ఇంట్లో కూర వండలేదు అని రాసింది. ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా లేవు. 'విషయానికి దూరం' అని ఆ పేపరు పక్కన పెట్టబోయారు. విషయం అంటే ఇదే కదేటి అని నేను గొడవ పెట్టుకున్నాను. చివరకి దానికి ఏ బహుమతీ రాలేదు. ఫస్టు ప్రైజు చీడ వ్యాసానికే పోనాది.

ఇక్కడే అసలు ఇబ్బంది ఉంది. ఆ పిల్ల రాసిన దానికీ, మిగతా పిల్లల చేత రాయించిన 'ఇచ్చేవాడూ నేరస్తుడే' అన్న వాక్యానికీ మధ్యన ఓ తండ్రి ఉన్నాడు. ఆయన ఓ రోజు కూలి, ఆటో ఛార్జీ, రైలు టికెట్టు పోగొట్టుకుని మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారి తిరగలేక ఇచ్చీశాడు. మరి ఆ పిల్ల బళ్లో నిలబడి లంచం ఇచ్చేవాడు దేశద్రోహి అని ప్రతిజ్ఞ చదివితే, ఇంటికి పోయి నాన్న మొహం ఎలాగ చూస్తాది? మనం పెట్టే పోటీ ఆ పిల్లకి తండ్రిని దొంగగా చూపించకూడదు. ఆ తండ్రిని అక్కడి దాకా తోసింది ఏటో చూపించాలి.

చట్టం కూడా ఈ తేడా చూస్తాది. అవినీతి నిరోధక చట్టం 1988లో వచ్చింది. 2018లో దాన్ని సవరించి లంచం ఇవ్వడం కూడా నేరమే అని గట్టిగా రాశారు. గాని అదే చోట ఇంకో మాట ఉంది. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినోడు ఏడు రోజుల్లోపల పోలీసులకో, అవినీతి నిరోధక శాఖకో చెప్తే అతని మీద ఆ నేరం పడదు. లంచం తీసుకున్న ఉద్యోగికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. పోటీ వ్యాసాల్లో 'ఇవ్వడం నేరం' అన్న ముక్క ఒక్కటే వస్తోంది. ఏడు రోజుల ముక్క నేను దిద్దిన ఏ పేపర్లోనూ కనపళ్లేదు. మన ఇళ్లకి పనికొచ్చేది ఆ రెండో ముక్కే.

పిల్లకి అవినీతి ఎక్కడ కనపడతాది?

పెద్దోళ్లకి అవినీతి అంటే కుంభకోణాలు, వేల కోట్లు, టీవీలో చర్చలు. గూడెంలో పిల్లకి ఆ కోట్లు చుక్కల్లాగే దూరం. ఇంట్లో కువి మాట్లాడే పిల్లకో, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లకో 'అవినీతి' అన్న మాటే పుస్తకం మాట. గాని ఆ పిల్ల సంతలో అమ్మ పక్కన కూర్చుంటాది. పసుపో, చింతపండో, రాజ్మా గింజలో తూకానికి ఎక్కినప్పుడు షావుకారి వేలు ఎక్కడుందో చూస్తాది. డిపోలో బియ్యం తూచినప్పుడు చూస్తాది. బళ్లో కంచంలో గుడ్డు పడిందో లేదో చూస్తాది. ఏ వ్యాసానికీ అందని విషయం ఆ కళ్లల్లో ఉంది.

షావుకారి తూకం మోసం, ఆఫీసులో లంచం చట్టం లెక్కలో వేరువేరు. పిల్లకి మాత్రం రెండింటి మూలం ఒకటే అని చెప్పొచ్చు: ఒకడికి లెక్క తెలుసు, ఇంకొకడికి తెలీదు. ఆ తెలీనితనం మీదే రెండూ నడుస్తాయి.

ఈ కొండల చరిత్ర కూడా ఇదే చెప్తాది. అల్లూరి సీతారామరాజు పేరు మన జిల్లాకి 2022 ఏప్రిల్ 4న పెట్టారు. రాజు విల్లు పట్టిన బొమ్మ ప్రతి పిల్లా గీస్తాది. గాని 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడడానికి ముందు ఏం జరిగింది? గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండోళ్లతో రోడ్డు పని బలవంతంగా చేయించి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. ఎదురు మాట్లాడినోళ్లని వేధించాడు. అంటే ఫితూరీకి ఎగదోసిన కారణాల్లో ఓ ఆఫీసరు ఎగ్గొట్టిన కూలి డబ్బులు ఉన్నాయి. అవినీతి అన్న పాఠానికి ఇంతకంటే దగ్గర కథ ఎక్కడుంది? విల్లు బొమ్మతో పాటు ఆ కూలి లెక్క బొమ్మ కూడా వేయమంటే పిల్లకి రాజు ఇంకా బాగా అర్థమవుతాడు.

నాటకంతో మొదలెట్టినోడు మనోడే

కళతో అవినీతిని కొట్టడం మనకి కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి కోర్టుల్లో, ఆఫీసుల్లో లంచాల మీద రాశారు. ప్లీడర్లు కక్షిదారుల్ని ఎలా పీల్చుకు తింటారో చూపిస్తూ 'వ్యవహార ధర్మబోధిని' అని నాటకం రాశారు. అది 1880లో ఆడారు. తెలుగులో మొదట్లో రంగం ఎక్కిన ఆధునిక నాటకాల్లో అదొకటి. అందులో పాత్రలు గ్రాంథికం కాదు, వాడుక మాట మాట్లాడతాయి. తెలుగు నాటకం కళ్లు తెరిచీ తెరవగానే చూసింది కోర్టు దగ్గర లంచాన్నే అన్నమాట. తరవాత విజయనగరంలో గురజాడ కన్యాశుల్కంలో కోర్టు సాక్షుల్నీ, పోలీసుల్నీ, వకీళ్లనీ వాడుక భాషలోనే ఉతికి ఆరేశారు.

వాళ్లిద్దరూ ఉపన్యాసం చెప్పలేదు. మనిషి ఏ మాటలాడి డబ్బు గుంజుతాడో ఆ మాటలే స్టేజీ మీద పెట్టారు. చూసినోళ్లు నవ్వారు, నవ్వి గుర్తుపట్టారు. మన పోటీలకి కావలసింది ఆ పద్ధతే.

బయట దేశాల నుంచి రెండు సంగతులు చెప్తాను. హాంకాంగులో 1974లో అవినీతి నిరోధక సంస్థ పెట్టినప్పుడు దానికి మూడు విభాగాలు పెట్టారు. ఒకటి కేసులు పట్టడానికి, ఒకటి ఆఫీసుల్లో లొసుగులు మూయడానికి, మూడోది జనంలోకీ బళ్లలోకీ పోడానికి. మూడూ కలిసి నడిచాయి. పట్టేవాడు లేకుండా చెప్పేవాడు ఒక్కడే ఉంటే జనం నమ్మరు. పిల్లలు అసలే నమ్మరు.

రెండోది ఉగాండా. 1991 నుంచి 1995 దాకా ప్రాథమిక బళ్లకి సర్కారు పంపిన ఖర్చుల డబ్బులో సగటున నూటికి 13 వంతులే బడికి చేరాయని పరిశోధకులు లెక్కతీశారు. మిగతాది మధ్యలో ఆఫీసుల్లోనే ఆగిపోనాది. అప్పుడు సర్కారు, ఏ నెల ఎంత పంపామో పేపర్లో వేయించింది, బడి గోడ మీద కూడా రాయించింది. 2001కి నూటికి 80 వంతులు దాటి చేరింది. వేరే సంస్కరణలు కూడా తోడయ్యాయని తరవాత కొందరు అన్నారు, అది కూడా నిజమే. అయినా గోడ మీద రాసిన అంకెకి ఉన్న బలం ఎవరూ కాదనలేదు.

మన దగ్గరా అలాంటిది జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలెట్టారు. ఊళ్లో చదువుకున్న కుర్రోళ్లకే తర్ఫీదు ఇచ్చి, మస్తరు కాయితాలు చేతికిచ్చి, ఇంటింటికీ పంపారు. ఏ పేరు మీద ఎన్ని రోజులు పడ్డాయి, చేతికెంత వచ్చింది అని అడిగి గ్రామసభలో అందరి ముందూ చదివారు. ఆ కుర్రోళ్లు ఉపన్యాసాలు ఇవ్వలేదు, అంకెలు చదివారు. అంకె చదివితేనే సభలో కదలిక వచ్చేది.

అయితే పోటీ ఎలా పెట్టాలి?

ఊళ్లో మీలాంటి డిగ్రీ పిల్లలు నలుగురు, మనసున్న మాస్టారు ఒకరు ఉంటే చాలు. నేను అనుకున్న ఐదు పోటీలు చెప్తాను. ఏదీ ఖర్చుతో పని కాదు.

మొదటిది, గోడ బొమ్మల పోటీ. విషయం 'నాకు రావలసింది'. మధ్యాహ్న భోజనం తీసుకోండి. కేంద్రం పెట్టిన కొలత ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ఆరు నుంచి ఎనిమిది దాకా 150, 30, 75. గుడ్డు ఏ రోజు, చిక్కీ ఏ రోజు అన్నది మెనూ పట్టికలో ఉంటాది. ఆశ్రమ పాఠశాలల మెనూ వేరే, అదీ గోడ మీద ఉండాలి. రేషను డిపోలో అంత్యోదయ కార్డుకి నెలకి 35 కిలోలు, మిగతా కార్డులకి మనిషికి 5 కిలోలు. ఈ అంకెలన్నీ పిల్లలే బొమ్మలుగా వేయాలి. కంచం, తక్కెడ, గుడ్డు, పక్కన పెద్ద అంకె. చదువు రాని అమ్మమ్మ కూడా చూసి తెలుసుకునేలాగ ఎవరు వేస్తే వాళ్లకి బహుమతి. పోటీ అయిపోయాక బొమ్మలు బీరువాలోకి పోకూడదు, గోడ మీదే ఉండాలి. బేనరు వారం రోజులు ఉంటే, ఆ గోడ రెండేళ్లు ఉంటాది.

రెండోది, మాటలు ఏరే పోటీ. లంచానికి మన జనం ఎన్ని పేర్లు పెట్టారో చూడండి. మామూలు, టీ ఖర్చు, పెట్రోలు డబ్బులు, చెయ్యి తడపడం, బల్ల కింద చెయ్యి, ఆమ్యామ్యా. తాతల్నీ అమ్మమ్మల్నీ అడిగి, కువిలో ఏటంటారు, ఒడియాలో ఏటంటారు అని ఏరుకు రమ్మనండి. 'లంచం' అంటే మొహం చిట్లించే మనిషి 'మామూలు' అంటే ఎందుకు ఊరుకుంటాడు అని తరగతిలో మాట్లాడించండి. తప్పుకి ముద్దుపేరు పెట్టడం వల్లే అది ఇంట్లోకి వస్తాదని ఏడో తరగతి పిల్లకి ఇట్టే తెలుస్తాది.

మూడోది, పది నిమిషాల నాటకం. చోటు ఓ కిటికీ. కిటికీకి అటు గుమస్తా, ఇటు కాయితం కోసం వచ్చిన మనిషి. రూలు ఒకటే: ప్రతి జట్టూ రెండుసార్లు ఆడాలి. మొదటిసారి రోజూ జరిగేట్టు. రెండోసారి ఒక్క చోట మార్చి ఆడాలి. ఏ చోట ఏం మారిస్తే ఆ మనిషి డబ్బు ఇవ్వకుండా కాయితం పట్టుకుని పోగలడు? ఒకడు 'రుసుము ఎంతో బోర్డు చూపించండి' అంటాడు. ఇంకొకడు ముగ్గుర్ని వెంటేసుకుని పోతాడు. మరొకడు దరఖాస్తు ఇచ్చినట్టు రశీదు అడుగుతాడు. గుమస్తా వేషం కట్టిన పిల్లాడు కూడా, 'నా మీద ఎంత ఒత్తిడి ఉందో నాకే తెలుసు' అని తన వైపు చెప్తాడు. పరిష్కారం మనం చెప్పక్కర్లేదు, వాళ్లే కనిపెడతారు. కొండ భాషలో ఆడితే ఎక్కువ మార్కులు ఇవ్వండి. థింసా అడుగుతో పాట కట్టి ఆడినా ఒప్పుకోండి.

నాలుగోది, ఉత్తరం రాసే పోటీ. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. అడిగిన సంగతి 30 రోజుల్లో చెప్పాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్లకార్డు ఉన్నోళ్లకి అది కూడా లేదు. చట్టం పౌరుడు అంది గాని పెద్దోడు అనలేదు. 2012లో లక్నోలో ఓ పదేళ్ల పాప, గాంధీగారికి 'జాతిపిత' బిరుదు ఏ ఉత్తర్వుతో ఇచ్చారో చెప్పండని ఈ చట్టం కిందే అడిగింది. అలాంటి ఉత్తర్వు ఏదీ తమ దగ్గర లేదని పెద్ద పెద్ద ఆఫీసులు ఒప్పుకోవలసి వచ్చింది. మన పిల్లలు గాంధీగారి దాకా పోనక్కర్లేదు. మా బడికి ఈ ఏడు ఎన్ని బల్లలు ఇచ్చారు, మరుగుదొడ్డి బాగుకి ఎంత ఇచ్చారు అని ఓ ఉత్తరం రాస్తే చాలు. బాగా రాసినదాన్ని పెద్దోళ్లలో ఎవరో ఒకరు తమ పేరు మీద నిజంగానే పంపాలి. జవాబు వచ్చాక బళ్లో చదివి వినిపించాలి. నేను రాసిన కాయితానికి సర్కారు జవాబు చెప్పింది అన్నది పిల్లకి దక్కే అసలు బహుమతి.

ఐదోది, మంచి చూపించే పోటీ. డబ్బు అడక్కుండా పని చేసిపెట్టిన మనిషి గురించి రాయండి అనాలి. ప్రతి ఊళ్లో అలాంటి నర్సమ్మ, పోస్టుమాను, మాస్టారు, సచివాలయం ఉద్యోగి ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ల పేరు ధైర్యంగా రాయొచ్చు. అందరూ దొంగలే అన్న మాట పిల్ల బుర్రలో పాతుకుపోతే, రేపు తను ఉద్యోగంలోకి పోయాక తనూ ఒక చెయ్యి వేస్తాది. ఆ మాటని పీకడానికి ఇది మందు.

పోటీయే మొదటి పాఠం

పిల్లలు మనం చెప్పింది వినరు, మనం చేసింది చూస్తారు. అవినీతి మీద పోటీ పెట్టి, ఫస్టు ప్రైజు ఊరి పెద్ద మనవడికి ఇస్తే ఆ పిల్లలు ఆ రోజు నేర్చుకున్నది ఏటి? అన్న గీసిచ్చిన బొమ్మకి, ఫోను రాసిచ్చిన వ్యాసానికి బహుమతి ఇస్తే నేర్చుకున్నది ఏటి?

అందుకే పోటీకి ముందే మార్కులు దేనికెన్నో బోర్డు మీద రాయాలి. సొంత మాటకి ఎన్ని, చూసి తెచ్చిన వివరానికి ఎన్ని, అంకె సరిగ్గా ఉంటే ఎన్ని. పేపరు మీద పేరు ఉండకూడదు, నంబరే ఉండాలి. దిద్దేవాళ్లు ముగ్గురు ఉండాలి, అందులో ఒకరు బడికి సంబంధం లేని మనిషి. చుట్టం పిల్ల పోటీలో ఉంటే దిద్దేవాడు లేచి పక్కకి పోవాలి. మార్కుల జాబితా గోడకి అంటించాలి. నాకెందుకు తక్కువ వచ్చాయి అని ఏ పిల్ల అడిగినా పేపరు చూపించి చెప్పాలి. అడగడం తప్పు కాదని, అడిగితే జవాబు వస్తాదని ఆ పిల్లకి అక్కడే తెలుస్తాది. ఆఫీసులో మనం కోరేది కూడా ఇదే కదా! బహుమతి డబ్బు ఎవరిచ్చారు, ఎంత ఖర్చయింది అన్నది కూడా ఆ గోడ మీదే రాసీయండి.

మరి పిల్లలకి ముప్పు రాదా?

ఇది నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పిల్లల్ని గూఢచారులుగా వాడకూడదు. పోటీ పేపర్లో ఎవరి మీదా పేరు పెట్టి ఆరోపణ రాయించకూడదు. ఏ ఆఫీసరు, ఏ డీలరు అని కాదు, ఏ పని, ఎంత రావాలి, ఎంత వచ్చింది అన్నదే రాయించాలి. ఏ పిల్ల అయినా ఇంట్లో సంగతి రాస్తే ఆ పేపరు నలుగురి ముందూ చదవకూడదు. అక్కడ నిజంగా ఫిర్యాదు ఉంటే దాన్ని మొయ్యాల్సింది పిల్ల కాదు, పెద్దోళ్లు. అవినీతి నిరోధక శాఖ నంబరు 1064. ఆ ఫోను చెయ్యాల్సింది మనం.

ఇంకొకరు, 'ఇవన్నీ చెప్తే మాస్టార్లకి పైనుంచి చివాట్లు పడతాయి' అన్నారు. పడొచ్చు. గాని మెనూ కొలత, రేషను కొలత, దరఖాస్తు రుసుము ఇవేవీ రహస్యాలు కావు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం ఎవరూ అడక్కుండానే ఆఫీసులు ఇలాంటివి బయట పెట్టాలి. సర్కారు చెప్పమన్నదే పిల్లలు బొమ్మ వేస్తున్నారు. అందులో తప్పు పట్టాలంటే, పట్టినోడే ఎందుకని చెప్పుకోవాలి.

మూడోమాట, పిల్లల వల్ల ఏమవుతాది అని. ఒక్క పోటీతో లంచం పోదు. ఆ ఏడో తరగతి పిల్ల నాన్న మళ్లీ ఆఫీసుకి పోతే మళ్లీ అడగొచ్చు. గాని ఈసారి పక్కన పిల్ల ఉంటాది. దానికి రుసుము ఎంతో తెలుసు, రశీదు అడగాలని తెలుసు, ఏడు రోజుల సంగతి తెలుసు. కొండ మీద నుంచి ఒక్కడే పోయిన మనిషిని అడిగినంత తేలిగ్గా, ఆ ఇద్దర్నీ అడగలేరు. పుట్టిన 21 రోజుల్లోపల నమోదు చేస్తే జనన నమోదుకి రుసుము లేదన్న ఒక్క సంగతి గూడెంలో ప్రతి ఇంట్లోనూ తెలిసుంటే, బడిలో చేర్చే రోజున ఎంతమంది తండ్రులకి ఆ తిరుగుడు తప్పేదో లెక్కేసుకోండి.

ఈ అక్టోబరుకి

చివరగా మీకు, ఫోనులో ఇది చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్క మాట. వారోత్సవం వచ్చేదాకా ఆగక్కర్లేదు. సెప్టెంబరులోనే మీ ఊరి బడికి పోయి హెడ్మాస్టారిని కలవండి. ఈసారి పోటీలో వ్యాసంతో పాటు గోడ బొమ్మ ఒకటి పెట్టండి సార్, రంగులు మేము తెస్తాం అనండి. పట్నం నుంచి సంస్థ వాళ్లు పోటీ పెట్టడానికి వస్తే, విషయం మా ఊరి నుంచి ఇస్తాం అని అడగండి. రాసే భాష మీదే ఉండనివ్వమని కూడా అడగండి. కాదంటే, మీ గూడెం చావడిలోనే ఆదివారం పెట్టీయండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మొదటి బొమ్మకి అంకెలు పైనే ఇచ్చాను. 100 గ్రాములు, 20 గ్రాములు, 50 గ్రాములు. కంచం బొమ్మ వేసి పక్కన రాయించండి. మర్నాడు మధ్యాహ్నం పిల్లలు తమ కంచం వైపూ, ఆ గోడ వైపూ చూస్తారు. ఆ తరవాత వాళ్లు అడిగే ప్రశ్నకి జవాబు చెప్పడానికి మనం సిద్ధంగా ఉండాలి.